ఆ స్విచ్ సంగతి

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ పెట్టిన చాలా ఏళ్ల వరకు, నేను లేనిదే అక్కడ ఏదీ కదలదని గర్వంగా చెప్పుకునేవాణ్ని. ఏ బండ ఎవరికి పంపాలో, మోటారు మొరాయిస్తే ఏం చేయాలో అన్నీ నా తలలోనే ఉండేవి. పెళ్లికి వెళ్లినా ఫోను మోగుతూనే ఉండేది. పైకి విసుక్కునేవాణ్ని గాని, లోపల బాగుండేది.

కోత మిషన్‌లో ఒక లోపం ఉండేది. స్విచ్ ఆపినా ఒక్కోసారి దానంతట అదే మళ్లీ తిరిగేది. అందుకే బ్లేడు మార్చాల్సి వస్తే నేనే వెళ్లి, గోడకున్న మెయిన్ దించి మార్చేవాణ్ని. ఎందుకు దించుతున్నానో ఎవరికీ చెప్పలేదు. బాగుచేయించడం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా పడుతూ వచ్చింది.

ఒక వానాకాలం డెంగీ వచ్చి వికారాబాద్‌లో ఆసుపత్రిలో చేరాను. మూడో రోజు యూనిట్ నుంచి ఫోన్లు వచ్చాయట. నాకు ఒంటి మీద తెలివి లేదు. కొడంగల్‌కు పోవాల్సిన బండలు సగం కోతలో ఉండగా బ్లేడు అరిగిపోయింది. మా దగ్గర అందరికంటే పాత పనివాడు, బొంరాస్‌పేటలో గొర్లు అమ్ముకుని పనికి వచ్చినవాడు, నాకోసం చూసి చూసి స్విచ్ ఆపి చెయ్యి పెట్టాడు. మిషన్ తిరిగింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి.

అతన్నీ నేనున్న ఆసుపత్రికే తెచ్చారు. లేవగలిగిన రోజు గోడ పట్టుకుని కింది అంతస్తుకు వెళ్లాను. అతను నిద్రపోతున్నాడు. మంచం పక్కన నేల మీద అతని భార్య కూర్చుని ఉంది.

"జరం తగ్గిందా సేటు?" అని అడిగింది.

తగ్గిందన్నాను.

"గా మిషన్ గట్ల తిరుగుతదని నీకు ఎర్కేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "ఎర్కే" అన్నాను.

"ఒక్క మాట జెప్తే ఏమైతుండె?"

ఏడవలేదు, గొంతు పెంచలేదు. అతని కట్టు మీద వాలిన ఈగను తోలి, మళ్లీ నావైపు చూడలేదు.

నేను యూనిట్‌కు తిరిగి వెళ్లిన రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. చిన్న పార్టు మార్చి, టీ తాగి వెళ్లిపోయాడు. అరగంట పట్టింది.

అతని చెయ్యి మానాక వాళ్ల ఊరికి వెళ్లి, ఇక యూనిట్ నువ్వే చూసుకో అన్నాను. అతను మంచం వాల్చి నన్ను కూర్చోమన్నాడు.

"జూస్త. గని నీ మన్సుల ఉన్నదంత బయట పెట్టాలె సేటు. ఒక్కటి దాస్తే నేను రాను."

నెలన్నర పాటు మిషన్ మిషన్ దగ్గరా నిలబడి చెప్పాను. అతను మిగతా పనివాళ్లను కూడా పిలిచి నాచేత మళ్లీ చెప్పించేవాడు. ఒక్కరికే తెలిసిన పని ఉండకూడదని అతని పట్టు. అలా చెబుతుంటేనే నాకు తెలిసొచ్చింది. ఇంకో మూడు చోట్ల మనుషుల ప్రాణాలు నా జ్ఞాపకం మీదే ఆధారపడి ఉన్నాయి.

ఇప్పుడు యూనిట్ నేను లేకుండానే నడుస్తోంది. వారానికోసారి వెళ్తే కుర్చీ వేస్తారు. ఎవరూ ఏమీ అడగరు.

మొన్న అతని మనవడి పుట్టువెంట్రుకలకు పిలిస్తే వెళ్లాను. నా పక్కనే కూర్చుని అతను ఎడమ చేత్తో అన్నం కలుపుకున్నాడు. భోజనాల బంతిలో ఎవరూ అటు చూడలేదు, అలవాటైపోయింది కాబోలు. అతని భార్య కూర గిన్నె పట్టుకుని నా ముందు ఆగింది.

"ఇంక జర ఏయాల్నా?"

చాలన్నాను.