కరెంటు తీసిన నీళ్లు

మొన్న మిర్యాలగూడ నుంచి తెప్పించిన సన్నబియ్యం సంచి విప్పి గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాలేదు, వెంటనే నాకు అనుమానం పుట్టింది. ఈ అనుమానం మా నాయనమ్మ నాకు రాసిచ్చిన ఆస్తి.

పాలకీడు దగ్గర మా ఊరికి సాగర్ కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఆషాఢమాసం, ఇల్లంతా తొలేకాశి పండుగ పేలపిండి వాసన, బయట మాత్రం చినుకు లేదు. బావి అడుగంటి, నాయనమ్మకు పసుపు కుంకుమల కింద వచ్చిన మడిలో నారు ఎర్రబడుతోంది. పక్కనే కాలువ నిండుగా పారుతున్నా, నీళ్లు మడిలోకి మళ్లించే మడవను ఆమె తీయనివ్వదు. డ్యాం దగ్గర ఆ నీళ్లలోంచి కరెంటు తీసుకుని వదులుతున్నారని ఎవరో చెప్పారు, వెన్న తీసిన మజ్జిగలా వాటిలో సత్తువ ఉండదని ఆమె పట్టు. ఇంట్లో స్విచ్చిని కూడా కందికట్టెతో నొక్కే మనిషి మరి!

నాయన పరేషానై, మా ఇంట్లో కిరాయికుండే ఇంగ్లీషు పంతులు దానియేలు సారును పిలిచాడు. ఆయనది కోదాడ. అరుగు మీద కూర్చుని, పెట్టిన పేలపిండి ఓపిగ్గా తిని, కరెంటు అనే మాట పుట్టుపూర్వోత్తరాలు విప్పాడు.

"కరెంటంటే మొదట పారే నీళ్లేనమ్మా. లాటిన్‌లో పరుగెత్తడమనే మాటలోంచి పుట్టింది. తీగల్లో పారేదానికి ఆ పేరు తర్వాత పెట్టారు. ఇప్పుడు నడుస్తున్న కాలానికీ అదే మాటండి."

"ఉరికేదాన్నే గుంజుకుంటే ఇగ మిగిలేది సచ్చిన నీళ్లే గద సారూ!" అంది నాయనమ్మ.

సారు మంచినీళ్లు తాగి లేచి వెళ్లిపోయాడు.

చివరికి ఆమే ఒక పరీక్ష పెట్టింది. విత్తనానికి మొలక కట్టినట్టే, గుప్పెడు వడ్లు కాలువ నీళ్లలో నానబెట్టి, గోనెపట్టాలో మూటగట్టి, గడ్డి కప్పి తన మంచం కింద పెట్టుకుంది. కొడుకు బావినీళ్లు చల్లి మోసం చేస్తాడని ఆమె భయం. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది, మమ్మల్ని ఆ గది గడప తొక్కనివ్వలేదు. మడి దగ్గరికి పోయివచ్చిన నాయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మూట విప్పేసరికి తెల్లగా మొలకలు. నాయనమ్మ వాసన చూసింది, ఒకటి కొరికి చూసింది. "బతికినయ్. అయినా ఏదో ఒకటి తీసే ఉంటరు," అని గొణుగుతూ పార భుజాన వేసుకుని పోయి మడవ తనే తీసింది. అప్పటికే సగం నారు మాడిపోయింది. ఆ ఏడంతా బియ్యం లేక మాకు పొద్దూమాపూ జొన్నగట్కే. నాయన మాత్రం ఆమెను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు ఆ బావి పూడ్చేశారు, కాలువ ఉంది, కరెంటూ ఉంది. బియ్యం సంచి ముందు కూర్చున్న నన్ను చూసి కోడలు నవ్వింది.

"ఏం సూస్తున్నవ్ అత్తమ్మా?"

"ఏం తీసిన్రో అని."

నీళ్ల సంగతిలో నాయనమ్మ పొరపడింది, నిజమే. కానీ తినబోయేదాన్ని మంచం కింద పెట్టుకుని కాపలా కాసే మనిషి మా ఇంట్లో ఇక లేదు. ఆ బియ్యమే ఎసట్లో పోశాను.