డిసెంబరు కలవని మొత్తం

అది 2023. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ గేటు ఎదురుగా నాకు డీటీపీ, జెరాక్స్ షాపు ఉంది. డీటీపీ అంటే కంప్యూటర్‌లో టైపు చేసి, పేజీని పేర్చి, ప్రింటు తీసి ఇవ్వడం. పెళ్లి పత్రికలు, అర్జీలు, రైతుల ఆన్‌లైన్ దరఖాస్తులు, అన్నీ మా దగ్గర అవుతాయి. అయితే అప్పటిదాకా ఏటా ప్రాక్టికల్ పరీక్షలకు ముందు పదిహేను రోజులు నేను చేసే పని వేరు. ఇంతకాలం దాని గురించి ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అది చెప్పుకోదగ్గ పని కాదు.

ఆ కాలేజీలో ఆర్ట్స్ పిల్లలకైనా, కామర్స్ పిల్లలకైనా కంప్యూటర్ పేపరు తప్పనిసరి. పిల్లలంతా కంప్యూటర్ నేర్చుకోవాలని పెద్దలు తలచి సిలబస్‌లో పెట్టారు. మంచిదే. ప్రాక్టికల్‌కు రికార్డు అని ఒక పుస్తకం ఉంటుంది. ల్యాబ్‌లో చేసిన ప్రతి పనినీ కుడివైపు పేజీలో రాసి, ఎడమవైపు దాని ప్రింటు అతికించాలి. కానీ ల్యాబ్‌లో ఇరవై కంప్యూటర్లుంటే నడిచేవి నాలుగు. అరవై మంది బెంచీల మీద కూర్చుని, మాన్యువల్ అని కాలేజీ ఇచ్చే నమూనా పుస్తకం చూసి రికార్డులో ఎక్కించుకుంటారు. ప్రింట్లు మాత్రం నా షాపులో సెట్టుగా దొరికేవి. పేరు, హాల్ టికెట్ నంబరు చెబితే చాలు, పేజీ అడుగున మార్చి ఇచ్చేసేవాణ్ణి. కీబోర్డు మీద వేలు పెట్టకుండా కంప్యూటర్ పేపరు పాసైనవాళ్లు ఈ ఊళ్లో ఎందరున్నారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఉరుకుందమ్మ అనే పిల్ల షాపుకు వచ్చింది. బీఏ చివరి సంవత్సరం. కోసిగి దగ్గరి పల్లె. రికార్డు సెట్టు కోసమే వచ్చిందనుకుని, "నంబరు చెప్పమ్మా" అన్నాను.

"సెట్టు వద్దు ఖాజన్నా. నేనే చేసుకుంటా. నీ కంప్యూటరు ఒక గంట ఇస్తావా?"

"ఎందుకమ్మా ఈ తిప్పలు? రెండు నిమిషాల్లో చేతిలో పెడతా గదా."

"రేపు బీఈడీ చేసి పిల్లోళ్లకు సదువు చెప్పాలనుకుంటాండా. వాళ్లు కంప్యూటరు గురించి అడిగితే నీ ప్రింటు సూపించమంటావా?"

నాకు కొంచెం మంటెత్తింది. అయినా ఎండలో షాపు ఖాళీగానే ఉంది కదా అని లోపలి సిస్టమ్ చూపించాను. రెండు వేళ్లతో, అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టింది. మరుసటి రోజు వచ్చింది, ఆ మరుసటి రోజూ వచ్చింది. వారం తిరిగేసరికి నన్ను పిలవకుండానే ఫైలు సేవ్ చేసుకుంటోంది. మాటల మధ్య ఇంటి సంగతి తెలిసింది. అమ్మానాన్న సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు వలస వెళ్లారు. తను హాస్టల్లో ఉండి చదువుతోంది.

"ఈసారి పాసు కాకపోతే మళ్ల పరీక్షలదాకా హాస్టల్లో ఉండనియ్యరు. మా యమ్మతోపాటు నేనూ కాయలు తెంపేకి పోవాల్సిందే. ఒగసారి పోతే ఇంగ సదువు యాడిది అన్నా?" అంది.

రికార్డులో ఎనిమిదో పని ఎక్సెల్‌లో వర్షపాతం పట్టిక. పన్నెండు నెలల వాన లెక్క ఒకదాని కింద ఒకటి వేసి, అడుగున మొత్తం రాబట్టాలి. ఆ రోజు ఉరుకుందమ్మ చాలాసేపు కదలకుండా కూర్చుంది.

"అన్నా, నాకు మాన్యువల్లో ఉండేదానికన్నా ఎక్కువ వస్తాండాది. యాడ తప్పు చేసినానో సూడు."

చూశాను. ఆమె తప్పేమీ చేయలేదు. కాగితం మీద చేత్తో కూడినా ఆమె మొత్తమే వచ్చింది. మాన్యువల్లో ఉన్న మొత్తానికీ దీనికీ తేడా సరిగ్గా డిసెంబరు నెల వాన. కాలేజీవాళ్లు ఇస్తే ఆ మాన్యువల్ టైపు చేసింది నేనే. మొత్తం కట్టేటప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కూడాలో మౌస్‌తో లాగి చూపించాలి. దాన్ని రేంజ్ అంటారు. నేను ఒక గడి ముందే మౌస్ వదిలేశాను. నవంబరుతో ఆగిపోయింది. అది జరిగి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో ఒక్క పిల్లగానీ, ఒక్క సారుగానీ, బయటి నుంచి వచ్చే ఒక్క ఎగ్జామినర్‌గానీ ఆ పన్నెండు అంకెలు కూడి చూడలేదు.

"తప్పు నాదేనమ్మా. నీది కరెక్టు" అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు.

రెండు రోజుల తర్వాత రికార్డు పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది. ఎనిమిదో పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత. పక్కనే 'తప్పు, మాన్యువల్ చూడుము' అని రాసి ఉంది. అడుగున సంతకం లేదు. సంతకం లేని రికార్డుతో ప్రాక్టికల్‌కు కూర్చోనివ్వరు. ప్రాక్టికల్ ఎల్లుండే.

"కూడి సూపిస్తా సార్ అన్నా. కంప్యూటరు సారు ఇన్లేదు. అందరిదీ ఒగ తీరు ఉంటే నీదొక్కటే ఏరేగా ఎట్లుంటాదన్నాడు" అంది.

షాపు షట్టరు సగం దించి, రికార్డు తీసుకుని నేనే కాలేజీలోకి వెళ్లాను. కంప్యూటర్ సారు స్టాఫ్ రూమ్‌లో ఒక్కడే ఉన్నాడు.

"ఏమప్పా ఖాజా, ఇట్లొచ్చినావు?"

"ఈ పాప మొత్తం కరెక్టు సార్. మాన్యువల్లోదే తప్పు."

"మాన్యువల్ తప్పెట్లయితాదప్పా?"

"టైపు చేసింది నేనే సార్. డిసెంబరు కలపడం మర్చిపోయినా."

ఆయన పెన్ను తీసుకుని పేజీ అంచున అంకెలు కూడాడు. మళ్లీ కూడాడు. పెన్ను కింద పెట్టి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నేను కామర్స్ సారునప్పా. కంప్యూటరు నువ్వే సూసుకో అని నా నెత్తిన పెట్టినారు. ఆరు బ్యాచ్‌లకు ఇదే రైటని సంతకం పెట్టినా. ఇప్పుడు తప్పంటే నా గతేంది? ఎల్లుండి ఎగ్జామినర్ వస్తాడు. యాభైతొమ్మిది రికార్డులు ఒగ తీరుండి, ఇదొక్కటే ఏరేగా ఉంటే ఆయనకు అనుమానం వస్తాది."

"అందరివీ దిద్దిద్దాం సార్. రాత్రంతా కూర్చుని ఊరికే ప్రింటు తీసిస్తా."

"వద్దప్పా. లేనిపోనివి కెలకొద్దు. ఆ పాపకు పాతదే ప్రింటు తీసియ్యి. తీస్కొస్తే ఇప్పుడే సంతకం పెడతా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై కంప్యూటర్లు తెచ్చి, పదహారు చెడిపోతే ఎందుకని అడిగేవాడు లేడు. కంప్యూటర్ తెలియని మనిషికి కంప్యూటర్ పాఠం అప్పజెప్పినవాడికి చీమకుట్టినట్టయినా లేదు. కాలేజీ మొత్తానికి ఒకే ఒక్క పిల్ల నిజంగా నేర్చుకుంటే, ఆ నేర్చుకున్నదే ఇప్పుడు ఆమెకు అడ్డు వచ్చింది. ఇంత అన్యాయం ఉంటుందా? నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడే తప్ప సంతకం మాత్రం పెట్టలేదు. ప్రిన్సిపాల్ దగ్గరికి పోదామంటే ఆయన ఊళ్లో లేడన్నారు.

షాపుకు తిరిగి వచ్చేసరికి ఉరుకుందమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. జరిగింది చెప్పాను. యూనివర్సిటీకి అర్జీ టైపు చేసిస్తానన్నాను.

"అర్జీకి జవాబు ఎల్లుండికి వస్తాదా అన్నా?"

"రాదమ్మా" అన్నాను.

"అట్లయితే ఆ తప్పుదే ఇయ్యి. నాకు సంతకం కావాల."

నేను పాత ఫైలు తెరిచాను. పేరు, నంబరు మార్చాను. ప్రింటు నొక్కాను. ఆ కాగితం తీసి చేతికిచ్చింది నేనే. సరైన పేజీని ఆమె జాగ్రత్తగా ఊడదీసి, తప్పు పేజీ అతికించుకుని, గేటు దాటి లోపలికి పోయింది.

ఆ ఏడాది నుంచి రికార్డు సెట్లు అమ్మడం మానేశాను. నేనేదో గొప్ప పని చేశానని కాదు. ఆ పేజీ మళ్లీ ప్రింటు తీయడానికి నా చెయ్యి రాలేదు. వీధి చివర ఇంకో షాపువాడు వెంటనే మొదలుపెట్టాడు. ఒకరోజు వాడి సెట్టు తెప్పించి చూశాను. నాదాన్నే మక్కీకి మక్కీ దించాడు. అందులోనూ డిసెంబరు కలవలేదు.

ఫలితాలొచ్చాక ఉరుకుందమ్మ మార్కుల మెమో జెరాక్స్ కోసం వచ్చింది. బీఈడీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టుకుంటోంది. కంప్యూటర్ ప్రాక్టికల్‌లో యాభైకి నలభై తొమ్మిది. పరీక్ష రోజు కరెంటు లేదనీ, అందరి చేతా కాగితం మీదే రాయించి, రికార్డు తిరగేసి మార్కులు వేశారనీ చెప్పింది.

"మంచి మార్కులమ్మా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఈ మార్కులు నాకు రాలేదు ఖాజన్నా, నీ ప్రింటుకు వచ్చినాయి" అంది.

కోపంగా అనలేదు. ఉన్నమాటే అంది. ఇన్నేళ్లూ నేను పిల్లలకు సాయం చేస్తున్నానని అనుకున్నాను. చదువు చెప్పనివాళ్ల తప్పు బయటపడకుండా కాపాడుతూ వచ్చింది నేనేనని ఆ పిల్ల మాటతో తెలిసింది. మెమో జెరాక్స్ తీసి ఇచ్చాను. ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఒక్కో అంకె సరిచూసుకుని వెళ్లింది.