టైపు మాస్టారూ, ఆ రెండున్నర పాటలూ

మా టైపు మాస్టారు పోయారు. గురువారం పొద్దున మా బ్యాండు డ్రమ్మర్ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు. "మాస్టారు పోయార్రా. నిద్రలోనేనట." నేను ఫోన్ పెట్టేసి, తెరమీద సగంలో ఉన్న లైను చివరిదాకా కొట్టి, అప్పుడు లేచాను. పక్క సీట్లో అమ్మాయి వింతగా చూసింది. మొదలుపెట్టిన లైను వదిలి లేవకూడదని నేర్పింది ఆయనే. అదే ఆయనకు నేను పూర్తిచేసి ఇవ్వాల్సింది మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ సంగతి చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు, అందుకే రాస్తున్నాను.

మేం ముగ్గురం. నేను పాటా గిటారూ, ఒకడు డ్రమ్స్, ఇంకొకడు బేసు గిటారు. ముగ్గురం కోస్తా నుంచి వచ్చి సాఫ్ట్‌వేరులో పడ్డవాళ్ళమే, ముగ్గురికీ కాలు ఒకచోట నిలవదు. పగలంతా మాదాపూర్‌లో, రెండువేల సంవత్సరం వచ్చేలోగా తేదీల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని. అంటే ఎవరో ఎప్పుడో చేసిన తప్పుల్ని వెనక్కి వెళ్ళి వెతికి దిద్దడం. సాయంత్రమయ్యేసరికి ఎవర్నైనా కొట్టాలన్నంత చిరాకు. అప్పుడు మాకు దిక్కు ఒక క్యాసెట్టు. కాపీకి కాపీ, సగం గరగరే. ఇరవయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు పంక్ ఆల్బం. పంక్ అంటే తెలియనివాళ్ళకు చెప్పాలంటే, గిటారు మీద మూడు పట్లు, గొంతు చించుకుని కేకలు, ఒళ్ళంతా కోపం. పదకొండు పాటలూ కలిపి అరగంట. దాన్ని మక్కికి మక్కి దించకుండా, మా పద్ధతిలో, మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒకే ఊపులో వాయించాలని మా పిచ్చి.

డ్రమ్స్ తెచ్చిన మూడోరోజే కూకట్‌పల్లిలో మా ఇంటి ఓనరుగారు "చదువుకున్నవాళ్ళు, మీకు చెప్పేదేముందండీ" అంటూ గేటు చూపించారు. గది కోసం తిరుగుతుంటే కిరాణా కొట్టు పైన టైపు ఇన్‌స్టిట్యూట్ కనబడింది. వీధికి నాలుగు కంప్యూటర్ సెంటర్లు వచ్చాక అక్కడ పొద్దుటి బ్యాచి ఒక్కటే మిగిలింది. సాయంత్రాలు పది మిషన్లూ గుడ్డలు కప్పుకుని ఉండేవి.

"లోయరా, హయ్యరా?" అని, ఏ పరీక్షకు నేర్చుకుంటామో అడిగారు మాస్టారు.

"నేర్చుకోడానికి కాదండీ, పాటలు వాయించుకోడానికి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ముగ్గుర్నీ చూశారు. "వాయించుకోండ్రి. గని డప్పులు గిప్పులు వద్దు. కింద సేటు పరేషాన్ జేస్తడు."

డ్రమ్మర్‌కు ఒళ్ళు మండింది. డ్రమ్స్ లేకుండా పంక్ ఏమిటని ముందున్న మిషను మీద గుడ్డ లాగేసి, రెండు చేతులా టపటపా బాదాడు. తిడతారనుకున్నాం. ఆయన వచ్చి వాడి వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే సరైన మీట మీద పెట్టారు. "కోపమొస్తె గూడ వేలు దాని జాగల అది ఉండాలె, బిడ్డా. ఇగ కొట్టు."

అలా మా బ్యాండుకు డ్రమ్స్ బదులు టైపు మిషన్లు వచ్చాయి. ముందు నెలరోజులు మా ముగ్గురిచేతా పిల్లలకు చెప్పినట్టే ఏ, ఎస్, డి, ఎఫ్ కొట్టించారు. చెక్క స్కేలుతో బల్ల మీద తాళం వేసేవారు. ఆ తాళానికే ఆల్బం మొత్తం మారిపోయింది. కేకలు వేసేచోట గుసగుసలు పెట్టాం. నాలుగో పాటలో గిటారు తీసేసి లైను మార్చేటప్పుడు మిషను క్యారేజీ లాగే చప్పుడు పెట్టాం. చందానగర్ నుంచి బస్సులో వచ్చే మాస్టారు, మా కోసం ఆఖరి బస్సులకు మారారు.

అసలు క్యాసెట్టును ఆయన చేతులు కట్టుకుని మొత్తం విన్నారు. "గింత కోపం ఎవరి మీద?" అన్నారు. వాళ్ళకు ఉద్యోగాల్లేవు, ప్రభుత్వం మీద, అందరి మీదా అన్నాం. "కోపం మంచిదే. గని చూడు, ఒక్కడు గూడ లైను తప్పుతలేడు."

నా జబ్బు ఆయన మొదటివారమే కనిపెట్టారు. పాటలో చిన్న తప్పు పడితే చాలు, ఆపేసి "మళ్ళీ మొదట్నుంచి" అనేవాణ్ణి. కంప్యూటరు మీద చెరిపి కొట్టడం అలవాటైన చేతులు కదా. ఆయన మిషను మీద చెరపడం లేదు. పరీక్షలో తప్పు పడిందని ఆగినా, దానిమీదే ఇంకో అక్షరం కొట్టినా ఒప్పుకోరు. పేజీ పూర్తయ్యాక ఎర్రపెన్సిలుతో తప్పులకు సున్నాలు చుడతారు, అంతే. "తప్పుకు మార్కు పోతది. ఆగితె పేజీయే పోతది," అనేవారు. నేను తలూపేవాణ్ణి. మర్నాడు మళ్ళీ ఆపేవాణ్ణి.

పోయిన ఏడాది చివర్లో ఆ గది కూడా కంప్యూటర్ సెంటరుకు వెళ్ళిపోతోందని తెలిసింది. సోమవారం మిషన్లు తరలిస్తారనగా ఆదివారం మధ్యాహ్నం రికార్డింగ్ పెట్టుకున్నాం. టేప్‌రికార్డరు కిటికీలో పెట్టాం. పదింటిలోకీ పెద్ద మిషనులో కాగితం ఎక్కించి, ఇస్త్రీ చొక్కాతో మాస్టారు కూర్చున్నారు. ఎనిమిది పాటలు అయ్యాయి. అంత బాగా ఎప్పుడూ రాలేదు. తొమ్మిదో పాట మధ్యలో నేను మాట మరిచిపోయి ఆగాను. డ్రమ్మర్ ఆగాడు, బేసు ఆగింది. మాస్టారు ఆగలేదు. తలెత్తకుండా ఒక్కరే ఆ పాట తాళం చివరిదాకా కొట్టుకుంటూ వెళ్ళారు. ఆ టకటకలు నన్ను నిలబెట్టి చెంపలు వాయిస్తున్నట్టు తోచింది.

"ఇది టైపు పరీక్ష కాదండీ మాస్టారూ, పాట!" అని అరిచాను. రికార్డరులోంచి క్యాసెట్టు లాక్కుని మెట్లు దిగిపోయాను.

సిగ్గుపడుతున్నాను ఇప్పుడు ఇది రాయడానికి. ఆయన తరవాత ఎప్పుడు కలిసినా ఒకటే అడిగేవారు. "ఆ రెండున్నర పాటలు ఎప్పుడు కొడుతున్నం?" ఈవారం అనేవాణ్ణి. ఆఫీసులో పని, షిఫ్టులు, కొత్త సంవత్సరం ముంచుకొస్తోందన్న హడావుడి. రెండున్నర పాటలంటే ఎంత, పది నిమిషాలు కూడా కాదు. ఆ పది నిమిషాలు నాకు ఏడాది పొడుగునా దొరకలేదు.

అంత్యక్రియలైన మూడోనాడు ముగ్గురం చందానగర్ వెళ్ళాం. పది మిషన్లలో పెద్దది ఒక్కటే ఆయన ఇంటికి తెచ్చుకున్నారట. మాస్టారి అమ్మగారి ఫొటో కింద బల్ల మీద ఉంది. మాస్టారి భార్య మమ్మల్ని చూసి, "రెండున్నర పాటల పిల్లలు మీరేనా?" అన్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆమె సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. ఆ ఆదివారం మాస్టారు కొట్టిన పేజీ. అంచు నుంచి అంచుకు అక్షరాలు. నేను ఎక్కడ ఆగానో వెతికాను. మూడుసార్లు వెతికాను. ఎక్కడా ఖాళీ లేదు.

"మీకు అభ్యంతరం లేకపోతే, ఆ మిగిలింది ఇక్కడ..." అని డ్రమ్మర్ నసిగాడు.

"ఇంట్ల మనిషి పోయినంక పాటలేందని లోకం అంటె అననీ," అన్నారు ఆమె. "ఆయన ఏడాది సంది ఎదురుచూసిండు. కొట్టుండ్రి."

డ్రమ్మర్ కొత్త కాగితం ఎక్కించాడు. బేసు వాయించేవాడు గోడ మీద వేళ్ళతో అందుకున్నాడు. నేను ఆగినచోటు నుంచే మొదలుపెట్టాను. పదో పాటలో మొదటి చరణం వదిలేసి రెండోది ముందు పాడేశాను. నాలుక చివరిదాకా వచ్చింది, మళ్ళీ మొదట్నుంచి అని. అప్పుడే లైను చివర గంట టింగుమంది. ఆ గంట గురించి ఆయన మొదటిరోజే చెప్పారు. "గంట మోగిందంటె లైను అయిపోయిందని గాదు. ఇంకో ఐదారు అక్షరాలకు జాగ ఉన్నదని." తప్పుతోనే ముందుకు వెళ్ళాను. పదకొండో పాట కూడా చివరిదాకా పాడాను.

అయిపోయాక ఆమె కాగితం తీసి, ఆ పాత పేజీ పక్కన పెట్టారు. ఇందులో తప్పులు బోలెడు. మిషను పక్కనే మాస్టారి ఎర్రపెన్సిలు ఉంది, ములుకు సన్నగా చెక్కి. ఎవరం దాన్ని ముట్టుకోలేదు.