టార్చి పట్టని రోజు

కొయ్యూరులో లాప్‌టాప్‌లు బాగుచేసే షాలోముకి చూస్తూనే జబ్బు చెప్పేస్తాడని పేరు. వేసవిలో సుజానా టీచర్ తెచ్చిన లాప్‌టాప్ తెర నల్లగా ఉంది.

"బోర్డు పోనాది టీచరమ్మా, ఇంక లేవదు."

"మా అమ్మమ్మ పాడిన కొండపాటలన్నీ అందులోనే ఉన్నాయి."

"అవీ పోనట్టే."

ఆవిడ దాన్ని స్పేర్ పార్టులకని అతనికే వదిలేసి వెళ్లింది. షాలోము హార్డ్ డిస్క్ ఊడదీసి, అందులో ఏముందో చూడకుండానే అంతా చెరిపేసి, ఇంకెవరి మెషిన్‌కో బిగించేశాడు.

వానాకాలంలో ఆ అమ్మమ్మ పోయింది. ఆమెను పాతిపెట్టి వచ్చిన మర్నాడు, పాత తెర ఎవరికో పనికొస్తుందేమోనని షాలోము టీచర్ వదిలేసిన లాప్‌టాప్‌కి కరెంటిచ్చాడు. మొదటిరోజే పట్టాల్సిన టార్చిని అప్పుడు తెర మీదికి ఏటవాలుగా పట్టాడు. పోయింది తెర వెనక లైటొక్కటే. మసకమసకగా అక్షరాలు కనిపించాయి: హార్డ్ డిస్క్ లేదు.