ఏటి వైపు తడిక

“ఇంకా తడిక తడపమంటారేంటండీ అత్తయ్యా! గదంతా కుడుములు ఉడికినట్టు ఉడికిపోతుంటేనీ!” అంది నా కోడలు, ఖాళీ బిందె చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి.

“నువ్వు తడిపే తీరు అలా ఉంది మరి. పైనుంచి పొయ్యమంటే కింద గుమ్మరిస్తున్నావు. నేల తాగితే గది చల్లబడుతుందేంటి?”

“నేలా తాగింది, వట్టివేళ్ళూ తాగాయండి. గాలేదీ? అటు చేలవైపు తలుపు మూయించేశారు, ఇటు ఏటి వైపు తడిక అడ్డం కట్టించారు. మధ్యలో పిల్ల ఊపిరాడక కొట్టుకుంటోంది.”

“చేలవైపు తలుపు తీస్తే వడగాలి తన్నుకొస్తుందే! నేను తడికలు తడిపేనాటికి మీ అమ్మ కూడా పుట్టలేదు. నాకు చెబుతున్నావా?”

“మా అమ్మ సంగతి పోనివ్వండి. నా మనవరాలు పుట్టి ఇరవై రోజులైంది. పొద్దుటినుంచి చన్ను పట్టలేదు. ముందు దాని సంగతి చూడండి.”

తొట్టిలో ఉన్న కాసిని నీళ్ళు మళ్ళీ తడిక మీద పోశాను. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది గానీ బుద్ధి మాత్రం ఎటూ తెగక అక్కడే నిలబడిపోయింది. చేసినదాంట్లో తప్పేమీ నాకు కనబడలేదు, అయినా గది చల్లబడలేదు.

ఇది మొన్న రోహిణీ కార్తెలో మాట. నా కొడుకు కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, ఆడపిల్లను కని, అటూ ఇటూ గుమ్మాలున్న నడిమి గదిలో ఉంది. బాలింతకు గాలి సోకకూడదని తలుపులు మూసి ఉంచడం మనకు ఉన్నదే కదా, చలికాలం అయితే అది చెల్లేది. ఈ ఎండలకు పసిదాని మెడా వీపూ చెమటకాయలతో కందిపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు మూలగసాగింది. ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, నేనున్నాను కదా అని ముందుకొచ్చి, కొడుకు చేత లంకలో వట్టివేళ్ళు తవ్వించి, వెదురు చట్రం కట్టించి, మా నాన్న కట్టినట్టే ఏటి వైపు గుమ్మానికి తడిక కట్టించాను. ఇంతమందిలో నేనే చెప్పాను, నేనే చేయించాను. అందుకే పిల్ల పాలు తాగడం మానేస్తే ఆ పాపం ఎవరిదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

మా నాన్నది పడవ పనే గానీ, ఒక కాలు పట్టు తప్పి గెడ వెయ్యలేక, ధవళేశ్వరంలో ఏటి గట్టున ఉన్న ఒక దొరగారి బంగళాలో వేసవి నాలుగు నెలలూ తడికలు తడిపే పనికి కుదిరాడు. లోపల పంకా లాగేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. ఆనకట్ట కట్టి ఇంకా ఎన్నో ఏళ్ళు కాని రోజులవి. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో. దొరసాని వెనక వరండాలో నలుగురు ఆడపిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది, నేనూ వెళ్ళేదాన్ని. తొమ్మిది నెలలు సాగిందో లేదో పెళ్ళి కుదిరిందని మాన్పించారు. ఇవాళ ఇలా రాయగలుగుతున్నది ఆ తొమ్మిది నెలల పుణ్యమే గనక, వంకర పోయిన చోట నా ఈడువాళ్ళు సర్దుకుని చదువుకోవాలి.

బడి కాగానే మా నాన్న దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఆయన ముంతతో నీళ్ళు విసిరేవాడు కాదు, తడిక పై అంచున సన్నగా వంచి, వేళ్ళ వెంబడి జారనిచ్చేవాడు. కారిన నీళ్ళు కింద తొట్టిలో పడితే వాటినే ఎత్తి మళ్ళీ పోసేవాడు. పక్కన అంత ఏరు ఉన్నా ఒక్క ముంత వృథా పోనిచ్చేవాడు కాదు. నాకు పొదుపు అబ్బింది అక్కడే. మా కోడలు దానికి వేరే పేరు పెట్టింది, అది ఇక్కడ రాయను. తడిక అవతల, గది లోపలికి వెళ్ళి నిలబడితే, నిప్పులా వచ్చిన గాలి మట్టివాసన వేసుకుని చల్లగా ఒంటికి తగిలేది. ఆ సుఖం ఎలాంటిదో అనుభవించినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, అనుభవించనివాళ్ళకు చెప్పినా లాభం లేదు.

అయితే ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడేది కాదు. తడికలు ఏటి వైపు కట్టి, ఊరి వైపు తలుపులు బార్లా తీసి పెట్టేవాడు. ఇంత కష్టపడి చల్లబరిచిన గాలి అటునుంచి అటే పోతుంది కదా నాన్నా, తలుపు మూస్తే నిలవ ఉంటుంది కదా అంటే నవ్వేవాడు. “పాతది పోకపోతే కొత్తది ఎక్కడికి వస్తుందే పిచ్చిమొహమా!” అనేవాడు. బియ్యం అయితే గాదెలో పోసి మూత పెడతాం, గాలికి ఆ న్యాయం ఎందుకు చెల్లదో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడు తెలిసిందనీ చెప్పలేను. మధ్యాహ్నం తిరిగాక ఎప్పుడో ఒక వేళ మెడ తడుముకుని, “సముద్రపు గాలి తిరిగింది, ఇంక పొయ్యకు” అని ముంత బోర్లించేవాడు. ఆయన చూడకుండా ఒకసారి నేను అలాగే పోస్తూ కూర్చున్నాను. లోపల బల్ల మీద దొర పరుచుకున్న కాలువల పటాలు చెమ్మ పట్టి ముడుచుకుపోయాయి. మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు, మూడు రోజులు ముంత నా చేతికివ్వలేదు.

ఇవన్నీ జ్ఞాపకం ఉన్నాయి. మరి అవే వట్టివేళ్ళు, అదే గోదావరి, అదే ఏటి వైపు గుమ్మం. అక్కడ చల్లబడిన ఇల్లు ఇక్కడ ఎందుకు ఉడుకుతోంది? అక్కడ అవతలి తలుపు తీస్తే రాని వడగాలి ఇక్కడ ఎందుకు వస్తోంది? కోడలు పిల్లను ఎత్తుకుని పాక నీడలోకి వెళ్ళిపోతే, నేను ఒక్కదాన్నే గదిలో కూర్చుని చెమటలు కక్కుతూ, మా నాన్న ఇంకేం చేసేవాడు, ఏ మాట మరిచిపోయాను, నీళ్ళలో ఏమైనా కలిపేవాడా అని లేనిపోనివి కూడా ఆలోచించాను. నా జ్ఞాపకం తప్పా, ఈ ఇల్లు తప్పా, లేకపోతే ఈ కాలమే మారిందా, ఏదీ తేలలేదు.

సాయంత్రం పూట తడిక ఆరిందో లేదో చూద్దామని దాని దగ్గరికి వెళ్ళి వట్టివేళ్ళ సందుల్లోంచి చూశాను. ఏరు బూడిదరంగులో చల్లారి ఉంది. చిన్నప్పుడు ఇదే వేళకు తడిక దగ్గర నిలబడితే కళ్ళలో సూదులు గుచ్చినట్టు ఎర్రని ఎండ పడేది, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పొద్దు ఏట్లో కుంకేదాకా చూసేదాన్ని. ఇక్కడ ఎండ నా వీపు వెనక, చేలమీద ఉంది.

మా పడవలవాళ్ళు దిక్కుల పేర్లు పలకడం నేను వినలేదు. ఏటి వైపు, ఊరి వైపు, ఎగువ, దిగువ, అంతే. గేదెను కట్టమన్నా ఏటి వైపు కట్టమనేవాళ్ళు. ధవళేశ్వరంలో పుట్టినదాన్ని, పెళ్ళయి ఏరు దాటి అవతలి గట్టున కాపురానికి వచ్చాను. ఇక్కడ రోజూ తెల్లారి కళ్ళాపి చల్లి, ఏట్లోంచి లేచే సూర్యుడికి దండం పెట్టుకుంటూ ముసలిదాన్నయ్యాను. అక్కడ పొద్దు ఏట్లో కుంకేది, ఇక్కడ ఏట్లోంచి లేస్తోంది. రెండూ చూసిన కళ్ళు ఇవే. ఒక్కనాడైనా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. మా నాన్న చూసింది ఏటి వైపు కాదు, పడమటి వైపు. వడగాలికే ఎదురు కట్టాడు తడిక. నేను గాలి రాని వైపు కట్టి, గాలి వచ్చే వైపు తలుపు మూసి, పసిగుడ్డును మధ్యలో పెట్టి నీళ్ళు పోశాను.

ఇంత తెలిసినా నా గందరగోళం పూర్తిగా తీరలేదు. నిప్పులాంటి గాలిని పిలిచి మరీ ఇంట్లోకి రానివ్వడమేమిటో, తడిసిన వేళ్ళు దాన్ని ఏం చేస్తాయో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఈనాటి పిల్లలు బడిలో దిక్కులు ముందుగా నేర్చుకుంటున్నారు, వంతెన మీద రైలెక్కి ఏ గట్టుకు వచ్చారో కూడా చూడకుండా ఏరు దాటేస్తున్నారు. వాళ్ళకు ఇలాంటి తప్పు జరగదు. ఏటిని చూసి ఇల్లు కట్టుకుని, ఏటిని చూసి మాట్లాడుకున్న మనబోటివాళ్ళం ఇంకెందరం మిగిలామో. ఏరు ఎటున్నా ఒకటేననుకున్నాను ఇన్నాళ్ళూ; గట్టు మారితే ఇల్లే తిరగబడుతుందని చెప్పేవాళ్ళు లేకపోయారు.

మర్నాడు పొద్దున్నే కొడుకును లేపి, తడిక విప్పించి, చేలవైపు గుమ్మానికి కట్టించాను. ఏటి వైపు తలుపు నేనే బార్లా తీశాను.

“ఇదేంటండీ, నిన్నంతా అటన్నారు?” అంది కోడలు.

“నిన్న తప్పు చెప్పాను,” అన్నాను.

బారెడు పొద్దెక్కాక వడగాలి లేచింది. ఆమె బిందెలు తెచ్చింది, నేను పోశాను. మూడో బిందె సగం అయ్యేసరికి లోపలినుంచి మనవరాలు, “మామ్మా, తాగుతోందే!” అని పిలిచింది. పిల్ల రెండు వైపులా పాలు తాగి నిద్రపోయింది. కోడలు ఖాళీ బిందె తీసుకుని మళ్ళీ ఏటికి వెళ్ళింది.