ఒక్క ఊపిరి డైలాగు

నా చేతిలో పడితే చీమ కూడా ఏనుగై తిరిగొస్తుందని ముందే ఒప్పుకుంటున్నాను.

మా సీరియల్ నిర్మాత ఒకప్పుడు పాప్ సింగర్. ఆమె పాట అందుకుంటే మాదాపూర్ ట్రాఫిక్ మొత్తం ఆగిపోయేదట. మామూలుగానూ అది ఆగే ఉంటుందనుకోండి. గొంతు పోయాక ఆమె టీవీ రాతలోకి దిగింది. చూస్తుండగానే, ఏళ్లుగా కలాలు అరగదీస్తున్న నాకే యజమానురాలైంది. కడుపు మండదా?

మణికొండ ఆఫీసులో, ఆమె సీరియల్‌కి రాసిన మొదటి సీన్ ఆమె చేతికిచ్చాను. నచ్చకపోతే నా ఉద్యోగం ఊడినట్టే. అలిగి వెళ్లిపోయిన చెల్లెలికి అక్క చెప్పే క్షమాపణ అది, మహాభారతమంత ఉంది. ఆమె కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, బల్ల మీద వేలితో తాళం వేస్తూ పైకి చదివింది. ఊపిరి అయిపోయిన చోట గీత గీసి, మిగతాదంతా కొట్టేసింది.

"ఊపిరి ఈడ అయిపోయింది సార్. ఇగ డైలాగ్ కూడా ఈడనే ఆగాలె."

"మరి నా ఉపమానాలో మేడమ్?"

"అవి ఇంట్ల మీ ఆవిడకు వినిపించున్రి."

ఉద్యోగం మిగిలింది, పరువు పోయింది.

నా సీరియల్ వస్తే బీరకాయలు తరుక్కునే మా ఆవిడ, ఆ ఎపిసోడ్‌కి కత్తి పక్కన పెట్టింది. తెర మీద అక్క "నాదే తప్పు, ఇంటికి రావే" అని ఊరుకుంది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఇన్నేళ్లకు మంచిగ రాసినవ్!"

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, మేడమ్ గొంతు పోయిందని. పోలేదు, పాటా రాతా రెండూ ఆమెవే. పోయుంటే నాకింత కుళ్లు ఎందుకు?