రాని ల్యాప్‌టాప్

షేర్ ఆటో ఖాజాగూడ సిగ్నల్ దగ్గర ఆగిపోయి పావుగంటైంది. ఫోన్‌లో మా కంపెనీలో కొత్తగా చేరబోయే ఇంజినీరుది ఒకటే పట్టు, సెప్టెంబరు ముప్ఫైనే చేరతాడట.

"ముప్ఫైన కుదరదు, ల్యాప్‌టాప్ ఇంకా రాలేదండి. అక్టోబరు మూడో తారీకు రండి. ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఫోన్ పెట్టేశాను.

హెచ్‌ఆర్ ఉద్యోగంలో ఈ విసుగు రోజూ ఉండేదే. సెప్టెంబరు దాటి చేరినవాళ్లకు ఏప్రిల్‌లో జీతం పెరగదు. మూడు రోజులు జరిపితే కంపెనీకి ఏడాది పెంపు మిగులుతుంది. అందరూ చేసేదే.

పక్కన కూర్చున్న పెద్దమనిషి అంతా విన్నాడు.

"మేడం, మా ఆఫీసుల అమెరికా బేస్‌బాల్ కాంట్రాక్టులు చూస్తం. ఆడ ఆరేండ్ల సర్వీసు నిండినంకనే ఆటగాడు నచ్చిన జట్టుతోని బేరమాడొచ్చు. అందుకే కొన్ని జట్లు మంచిగ ఆడే కొత్తోణ్ణి సీజన్ మొదట్ల కొన్ని రోజులు కింది జట్టులనే కూసోబెడ్తయ్. గప్పుడు ఆ ఏడాది పూర్తి సర్వీసు కింద లెక్కకు రాదు. ఇంకో ఏడాది వాళ్ల చేతులనే ఉంటడు. ఎందుకని అడిగితే, ఇంకా జర నేర్చుకోవాలె అంటరు."

"ఇవన్నీ నాకెందుకండీ?" అన్నాను చిరాగ్గా.

"ఏం లేదు మేడం. ల్యాప్‌టాప్ నిజంగనే రాలేదా?"

నేను ఫోన్ తీసి మెయిళ్లు చూడసాగాను. నానక్‌రామ్‌గూడలో ఆయన దిగిపోయాడు.

ఇంజినీరు మూడో తారీకునే చేరాడు. నా బీరువాలోంచి తీసిచ్చిన ల్యాప్‌టాప్ మీద దుమ్ము చేత్తో తుడుచుకుని, "థాంక్యూ మేడం" అన్నాడు.

ఆ ఆటో మనిషి మీద నాకింకా కోపం పోలేదు.